శివరామయ్య గారి కనుసైగ

కనుసైగ అనే మాటకి నిఘంటువులో ఒక్క ముక్కే ఉంటుంది, కంటితో చేసే సంజ్ఞ అని. ఆ నిఘంటువు రాసిన పండితుడెవరో శివరామయ్య గారింట్లో ఒక్క నెల పనిచేసి ఉంటే, పాపం, ఆ మాటకే రెండు పేజీలు కేటాయించి ఉండేవాడు.

గురజాల అవతల ఆ ఊళ్ళో ఆ మాట ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తీరు. బస్సు ఆగే చోట నిలబడే కుర్రాళ్ళకి కనుసైగంటే ప్రేమ వ్యవహారం. పంచాయతీ ఎన్నికల రోజుల్లో కనుసైగంటే కర్రలు బయటికి తీయమని. చర్చి మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళకైతే, ఇప్పుడు కాదు, ఆవిడ వెళ్ళాక చెప్తా అని. శివరామయ్య గారింట్లో మాత్రం కనుసైగంటే చట్టం.

ఇంటి పెద్ద నోరు తెరిచి అడగాల్సి వచ్చిందంటే ఇంట్లోవాళ్ళకి బుద్ధి లేదని లెక్క. ఇది ఆయన తండ్రి నాటి నుంచీ వస్తున్న పద్ధతి. ఆయన వసారాలో పడక్కుర్చీలో ఉంటారు. వచ్చినవాడు ఎదురుగా బల్ల మీద కూర్చుంటాడు. దూరంగా పెరటి గుమ్మం దగ్గర పనిమనిషి దేవమ్మ నిలబడి ఉంటుంది. ఆయన చూపు గుమ్మం పైకి వెళ్ళిందా, వచ్చినవాడికి కాఫీ. రెప్పలు సగం వాలాయా, మజ్జిగతో సరిపెట్టి పంపించెయ్యమని. పైకి చూసి రెండుసార్లు రెప్పవేస్తే, ఇక నువ్వు పోవచ్చని. కిందికి చూసి రెప్పలు మూస్తే, కదలొద్దు, అక్కడే ఉండమని. ఎవరినైనా చూసీ చూడగానే కళ్ళు బిగించి మూసుకున్నారంటే, ఈ మనిషిని నా ఎదటి నుంచి తీసెయ్యమని.

దేవమ్మ ఆ చూపు అందుకుని వంటింటి కిటికీ దగ్గరకి వెళ్ళి "కాఫీ అమ్మా" అనో "మజ్జిగమ్మా" అనో చెప్పేది. లోపల కోడలు హైమావతి కలిపి పంపించేది. పెళ్ళై వచ్చిన ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో హైమావతి మామగారి ఎదట కుర్చీలో కూర్చున్నది లేదు, తలెత్తి ఆయన మొహం చూసిందీ లేదు. కొడుకు అమరేశ్వరరావుకి యాభై మూడేళ్ళు వచ్చినా నాన్న చెప్పులు తెలిసినంతగా నాన్న కళ్ళు తెలియవు. ఆ ఇంట్లో పెద్దాయన కళ్ళలోకి సూటిగా చూసే హక్కు ఒక్క దేవమ్మకే ఉండేది. ఎందుకంటే, ఆమె చూస్తోందని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇరవై మూడేళ్ళ వయసులో గేదెల పనికి ఆ పెరట్లోకి వచ్చింది దేవమ్మ. ఇప్పుడు యాభై నాలుగు. కట్టుకున్నవాడు బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి మొహం తీరిగ్గా చూసుకున్న పాపాన పోలేదు గానీ, శివరామయ్య గారి రెప్ప ఎన్ని వెంట్రుకల మందాన వాలితే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. అదేదో గొప్ప విద్య అని ఆమె అనుకోలేదు. ఎద్దు తోక ఊపితే రైతుకి తెలియదా, అట్లాగే ఇదీ అనుకుంది.

ఈ ఏడు ఉగాది వెళ్ళిన మూడో రోజు శివరామయ్య గారు స్నానాల గదిలో పడిపోయారు. గుంటూరు ఆసుపత్రిలో మూడు వారాలు ఉంచి ఇంటికి పంపారు. చేతులు పోయాయి, కాళ్ళు పోయాయి, నోరు పోయింది. తెలివి పోలేదు, చెవులు పోలేదు. చూపు పక్కలకి తిరగదు. పైకీ కిందికీ కదులుతుంది, రెప్పలు పడతాయి, లేస్తాయి. ఆ పెద్దమనిషికి మిగిలిన ఆస్తి అంతే.

"లోపల మనిషి పూర్తిగా ఉన్నాడండి. మనం మాట్లాడేదంతా వింటాడు. పైకి చూస్తే అవునని, కిందికి చూస్తే కాదని, అలా అలవాటు చెయ్యండి" అని చెప్పి పంపాడు డాక్టరు.

ఇంటికి తెచ్చిన రోజే అమరేశ్వరరావు మంచం పక్కన నిలబడి మొదలుపెట్టాడు. "నాన్నా, నేనెవరో తెలుస్తందా? తెలిస్తే పైకి చూడు."

శివరామయ్య గారు కళ్ళు మూసుకున్నారు. ఎంత బతిమాలినా తెరవలేదు. అన్నేళ్ళు ఊరిని చూపుతో నడిపించిన మనిషి, ఒకటో తరగతి పిల్లాడిలా అవునూ కాదూ అని జవాబులు చెబుతాడా? ప్రాణం పోయినా చెప్పడు. అమరేశ్వరరావు అది అర్థంకాక చెమటలు తుడుచుకున్నాడు.

గది గడప బయట నిలబడ్డ దేవమ్మకి మాత్రం అర్థమైంది. కాస్త ముందుకి వచ్చి, ఎప్పుడూ పెరట్లో నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడింది. ఏమీ అడగలేదు, ఊరికే చూసింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరుచుకున్నాయి. ఆమెని చూశాయి. రెప్పలు సగం వాలాయి.

"జనం ఎక్కువయ్యారంట బాబుగారూ. చూడటానికి వచ్చినవాళ్ళని మజ్జిగ తాగించి పంపెయ్యమంటన్నారు" అంది దేవమ్మ.

అమరేశ్వరరావు ఆ పనిమనిషి చేతులు పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. అలా దేవమ్మ ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ పడగ్గది గడప దాటింది. దాటుతున్నప్పుడు లోపలికి వెళ్తున్నాననే అనుకుంది. మళ్ళీ బయటికి రావడం అంత కష్టమని ఆమెకి తట్టలేదు.

మూడో రోజు జరిగింది అసలు తప్పు. హైమావతి తడిగుడ్డతో మామగారి మొహం తుడుస్తోంది. ఆసుపత్రిలో ఇరవై రోజులు నేల మీద పడుకుని లేచిన మనిషి, కళ్ళ కింద నల్లగా కమిలిపోయింది. ఆమె చెయ్యి తగలగానే శివరామయ్య గారు కళ్ళు బిగించి మూసుకున్నారు. దీన్ని నా ఎదటి నుంచి తీసెయ్యమని.

"ఏమంటన్నారే?" అని అడిగింది హైమావతి, తల వంచుకునే.

దేవమ్మ నోరు తెరిచింది. ఆ కమిలిన కళ్ళు చూస్తూ ఆ మాట ఎలా అనడం? "బంగారంలాంటి పిల్లవంట. నీ రుణం తీర్చుకోలేనంటన్నారు" అనేసింది.

హైమావతి తడిగుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టుకుంది. దేవమ్మకి అది చూసి సంతోషమూ వేసింది, భయమూ వేసింది. మంచం మీద శివరామయ్య గారి కళ్ళు మాత్రం పెద్దవై ఆమెనే చూస్తున్నాయి. అనని మాట తన పేరు మీద చెలామణీ కావడం ఆయన బతుకులో అదే మొదటిసారి.

చెప్పిన అబద్ధం ఒక్కటితో ఆగిందా? ఆగదు. కొడుకు పొలం సంగతులు చెప్పడానికి వస్తాడు, ఆయన రెప్పలు విసుగ్గా వాలిపోతాయి. "నువ్వు చేసిందే బాగుందంటన్నారు బాబుగారూ" అంటుంది దేవమ్మ. యాభై మూడేళ్ళకి తండ్రి నోట మెప్పు విన్న మనిషి, ఆ సాయంత్రం పిడుగురాళ్ళ నుంచి మిఠాయి పొట్లం తెచ్చి పనివాళ్ళకి కూడా పంచాడు. పాతికేళ్ళుగా మాటల్లేని దాయాది గడప తొక్కుతాడు, ఆయన కళ్ళు బిగుసుకుంటాయి. "పాతవన్నీ మర్చిపొమ్మంటన్నారు" అంటుంది. ఆ ముసలాయన కండువా నోట్లో కుక్కుకుని ఏడుస్తాడు. అబద్ధానికి కాళ్ళుండవంటారు గానీ, దేవమ్మ అబద్ధాలకి కాళ్ళే కాదు చెప్పులు కూడా వచ్చాయి. నెల తిరిగేసరికి శివరామయ్య గారు దేవుడైపోయారని ఊరంతా చెప్పుకుంది. జబ్బు మనిషిని ఎంత మారుస్తుందో చూడండి అని ఆశ్చర్యపోయింది.

మంచం మీది మనిషి ఒక్కరే మారలేదు. ఆయన మాట ఆయన లోపలే ఉండిపోయింది, ఆయన నోరేమో పక్కన నిలబడి తన ఇష్టం వచ్చింది చెబుతోంది. ఆ కళ్ళు రోజుకొకసారి అయినా దేవమ్మ మీద నిప్పులు కురిపించేవి. ఆ కోపం చదవగలిగింది కూడా దేవమ్మే. ఎవరికి చెప్పుకుంటుంది?

ఇదంతా ఒక ఎత్తు. దేవమ్మ కూతురు నిస్సి ఇంకో ఎత్తు.

నిస్సి, అల్లుడు హైదరాబాదులో ఉంటారు. నిస్సికి ఎనిమిదో నెల దాటింది. బీపీ ఎక్కువగా ఉందనీ, ప్రయాణం కుదరదనీ, మంచం దిగొద్దనీ చెప్పారు. పురుటికి పుట్టింటికి రాలేని పిల్ల దగ్గరికి తల్లే వెళ్ళాలి కదా. పైగా ఇది మొదటి కడుపు కాదు. రెండేళ్ళ కిందట ఒకటి పోయింది. అప్పుడు ఈ ఇంట్లో హైమావతి కూతురు లహరి నిశ్చితార్థం. నాలుగు రోజులు ఆగి వెళ్ళమన్నారు, దేవమ్మ ఆగింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "పోన్లే అమ్మా" అంది నిస్సి. ఆ తర్వాత మూడు నెలలు ఫోను చెయ్యలేదు. ఆ పోన్లే అన్న మాట దేవమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఈసారి నిస్సి రోజూ ఫోను చేస్తోంది. "అమ్మా, ఎప్పుడొస్తన్నావు?"

"వస్తా తల్లీ. ఈ వారంలో."

"పోయిన వారం కూడా అదే చెప్పావు."

దేవమ్మ అడగకపోలేదు. అడిగినప్పుడల్లా అమరేశ్వరరావు నవ్వేవాడు, కోప్పడితే బాగుండేది. "నాన్నకి నోరు నువ్వే దేవమ్మా. నోరు ఊరికి పోతానంటే మనిషి ఏం కావాలి?" అనేవాడు. జూన్ దాకా ఆగమనేవాడు. గుంటూరు నుంచి ఒక నర్సమ్మని పెట్టారు, శివరామయ్య గారు ఆ పిల్లని చూసి కళ్ళు మూసుకుని రెండు రోజులు తెరవలేదు, మూడో రోజు ఆ పిల్ల బ్యాగు సర్దుకుంది. దేవమ్మ హైమావతిని బతిమాలింది. "నేను చెప్తానమ్మా, నేర్చుకో. పైకి చూసి రెండుసార్లు రెప్పవేస్తే..."

"నా వల్ల కాదే. ఆయన కళ్ళలోకి చూడాలంటేనే నాకు దడ" అంది హైమావతి, అటు తిరిగి బట్టలు మడతపెడుతూ.

దేవమ్మ ఇంకా నొక్కి అడగలేదు. అడిగితే తన బండారం బయటపడుతుంది. హైమావతి నిజంగా ఆ కళ్ళు చదవడం నేర్చుకుంటే, ఆయన ఒక్కనాడూ ఆమెని బంగారం అనలేదని తెలిసిపోతుంది. ఇలా రెండు వైపులా తలుపులు తనే వేసుకుంది దేవమ్మ. ఒక తలుపు కూతురి వైపు, ఒకటి నిజం వైపు.

పారిపోవచ్చు కదా అంటారు మీరు. గేటుకి తాళమేమీ లేదు. నిజమే. కానీ నిస్సి నర్సింగు చదువుకి సీటు రాకపోతే తన కళ్ళతో ఒక పెద్దమనిషికి సైగ చేసి ఇప్పించింది శివరామయ్య గారే. పైగా ఒక ఆదివారం ఏం జరిగిందో దేవమ్మ మర్చిపోలేదు.

ఆ రోజు చర్చిలో ఆరాధనకని పొద్దున వెళ్ళి పన్నెండింటికి తిరిగొచ్చింది. ముక్కు గొట్టంలోంచి పోసిన రాగి జావ దిండు మీద ఒలికింది కాబోలు, ఎర్ర చీమలు పట్టాయి. ఆయన చెవి తమ్మె ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. కళ్ళు పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయి, రెండు కణతల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. అరవలేడు, విదిలించుకోలేడు. హైమావతి గదిలోనే బీరువా పక్కన నిలబడి ఉంది. "ఏదో అంటన్నారని తెలిసింది గానీ ఏందో తెలీలేదే" అంది. దేవమ్మ చీమలు దులిపి, చెవికి కొబ్బరినూనె రాసి, ఆ మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. ఎంత కఠినుడైనా ఆ శిక్ష ఎవరికి వెయ్యాలనిపిస్తుంది?

"చూశావా? ఒక్క పూట లేకపోతే ఇదీ సంగతి" అన్నాడు అమరేశ్వరరావు. ఆ తర్వాతి ఆదివారం నుంచి దేవమ్మ చర్చికి కూడా వెళ్ళలేదు.

ఆ రోజుల్లోనే ఒక చిన్న విషయం జరిగింది, దేవమ్మ పట్టించుకోలేదు. చూడటానికి ఎవరో వచ్చారు. శివరామయ్య గారి రెప్పలు సగం వాలాయి. దేవమ్మ చెప్పడానికి వెనక్కి తిరిగేసరికి హైమావతి మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో ఉంది. "ఎండ కదా, అందుకని" అంది. అవును, ఎండే, అనుకుంది దేవమ్మ.

మే నెలాఖరున ఒక గురువారం పొద్దున్నే అల్లుడు ఫోను చేశాడు. బీపీ బాగా పెరిగిందట, రాత్రి ఆసుపత్రిలో చేర్చారట, రేపు పొద్దున ఆపరేషను. "మీరొస్తారని చూస్తందత్తా. ఏమీ తినట్లా" అన్నాడు. తర్వాత నిస్సి తీసుకుంది. ఈసారి ఎప్పుడొస్తన్నావని అడగలేదు. "రాలేకపోతే పోన్లే అమ్మా" అంది.

మళ్ళీ ఆ మాట. దేవమ్మ తన ఇంటికి వెళ్ళి రెండు చీరలు, బైబిలు సంచిలో పెట్టుకుని, జాన్ సాహెబ్ ఆటో మాట్లాడి తిన్నగా పడగ్గది దగ్గరికి వచ్చింది. పిడుగురాళ్ళలో మధ్యాహ్నం రైలు ఎక్కితే చీకటి పడే వేళకి హైదరాబాదు చేరుతుంది.

అమరేశ్వరరావు సంచి చూశాడు. "ఏంది దేవమ్మా ఇది?"

"నిస్సికి రేపు ఆపరేషను బాబుగారూ. నేను పోవాల."

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే దేవమ్మకి పని సులువయ్యేది. ఆయన తల గోక్కున్నాడు, తండ్రి వంక చూశాడు, నిట్టూర్చాడు. "నేను వద్దంటే పాపం తగులుద్ది. కానీ నాన్న మాటలేకుండా ఈ ఇంట్లో ఏదీ జరగలేదు, ఇప్పుడు మాత్రం ఎట్టా జరుగుద్ది? అడుగు. ఆయనిప్పుడు ఎంత మెత్తబడ్డాడో నీకు తెలీందేముంది? పొమ్మంటే నేనే నిన్ను రైలెక్కిస్తా. ఉండమంటే మాత్రం ఉండాలి మరి."

హైమావతి ఆయన వెనకాల, బీరువా పక్కన, తల వంచుకుని నిలబడి ఉంది.

దేవమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. "పెద్దాయనా, మా నిస్సికి పురుడు. పోయొస్తా. సెలవియ్యండి."

శివరామయ్య గారు ఆమెని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత చూపు కిందికి దిగింది. రెప్పలు మూసుకున్నాయి. కదలొద్దు, అక్కడే ఉండమని.

మళ్ళీ తెరిచారు. మళ్ళీ కిందికి చూసి మూశారు. మళ్ళీ.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ సైగ ఆమె కొన్ని వేలసార్లు చూసింది. ఎప్పుడూ ఒక్కసారే చేసేవారు. రెండోసారి చెయ్యాల్సిన అవసరం ఆయనకి ఏనాడూ రాలేదు. ఇవాళ ఆగకుండా చేస్తున్నారు, మూసిన రెప్పల కింద తడి ఊరుతోంది. అదే సైగ, అవే కళ్ళు. కానీ అది ఇప్పుడు ఆజ్ఞ కాదు. బావిలో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు ఆయన ఆమెని పట్టుకున్నారు.

పొమ్మంటన్నారు అని ఒక్క మాట అంటే చాలు. నలభై రోజులుగా ఇంతకంటే పెద్ద అబద్ధాలు మంచినీళ్ళు తాగినట్టు చెప్పింది. అవన్నీ ఎవరి కోసమో చెప్పినవి. తన కోసం ఒక్కటి చెప్పబోతే చేతకాలేదు. ఆయన వింటున్నారు. చేతుల్లేని మనిషి పట్టుకున్న తాడు ఆయన కళ్ళెదటే ఎలా కొయ్యడం? కోయకపోతే అక్కడ కూతురు.

"ఏమంటన్నాడు?" అన్నాడు అమరేశ్వరరావు.

ఉండమంటన్నారు అనే నిజం దేవమ్మ నాలుక చివరికి వచ్చేసింది, ఇంకొక్క క్షణం ఆగితే అనేసేదే.

"పొమ్మంటన్నారు."

ఆ మాట అన్నది హైమావతి. బీరువా పక్క నుంచి ముందుకి వచ్చింది. తల ఎత్తే ఉంది. మామగారి కళ్ళలోకి సూటిగా చూస్తోంది.

అమరేశ్వరరావు భార్య వంక వింతగా చూశాడు. "నీకెట్టా తెలుసు?"

"నాకూ చదవడం వచ్చు."

"ఎప్పటి నుంచి?"

"వచ్చినకాడి నుంచి" అంది హైమావతి. "ఈ ఇంట్లో బతకాలంటే అది రాకుండా కుదురుద్దా? దేవమ్మని పొమ్మంటన్నారు. నిస్సిని జాగ్రత్తగా చూసుకోమంటన్నారు."

శివరామయ్య గారి కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. కోడలి మొహాన్ని అంత దగ్గరగా, అంత నిండుగా ఆయన చూడటం అదే మొదటిసారి అయి ఉంటుంది.

అమరేశ్వరరావు మొహం మెల్లగా వెలిగింది. "ఓసి నీ! ఇన్నాళ్ళూ చెప్పవేం? ఇంకేం మరి, గొడవే లేదు. నువ్వుండగా ఇంకొకరెందుకు? ఈ గదిలోనే మంచం వేయిస్తా నీకు. రాత్రిళ్ళు కూడా కనిపెట్టుకుని ఉండొచ్చు."

ఆయన సంతోషంగానే అన్నాడు. తన మెడలోంచి తీసిన పలుపు ఎవరి మెడలో పడిందో దేవమ్మ కళ్ళారా చూసింది.

గేటు దాకా హైమావతి వచ్చింది. జాన్ సాహెబ్ ఆటో వేపచెట్టు నీడలో ఆగి ఉంది. సున్నపు బట్టీల వైపు నుంచి వచ్చే లారీలు రోడ్డు మీద తెల్లటి దుమ్ము లేపుతున్నాయి.

"నీకు ముందు నుంచీ తెలుసా అమ్మా?" అంది దేవమ్మ.

"తలెత్తకపోతే చూడనట్టేనా ఏమే? వంటింటి కిటికీకి తెర ఎందుకు కట్టాననుకున్నావు? ఆయన చూపు ఎప్పుడు ఎటు పోతదోనని ఇరవై ఎనిమిదేళ్ళు ఆ తెర సందులోంచి చూడటమేగా నా పని."

"మరి నేను చెప్పినయ్యన్నీ..."

"బంగారంలాంటి పిల్లవి అన్నారన్నావే, ఆ రోజు ఆయనన్నది నన్ను తీసెయ్యమని. నాకు తెలీదా?" హైమావతి గేటు గడియ తిప్పుతూ అంది. "అబద్ధమని తెలుసు. అయినా ఆ పూట అన్నం ఎక్కువ తిన్నా. రోజూ అడిగేదాన్ని చూడు, ఏమంటన్నారే, ఏమంటన్నారే అని. నీ నోటమ్మట ఆ మాట వినాలనే. నిన్ను అందుకే పోనియ్యలా. నన్ను క్షమించు."

దేవమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. అంతలోనే ఇంకో సంగతి గుర్తొచ్చి ఆ ఏడుపు ఆగిపోయింది. "ఆ ఆదివారం చీమలు..."

"తెలుసు. చూశా. కదల్లా" అంది హైమావతి. "కదిలితే దీనికీ తెలుసని తేలిపోద్ది. ఆ మంచానికి నన్ను కట్టేస్తారు. ఇదిగో, ఇప్పుడు కట్టేశారుగా, అట్టా. అందుకని నిలబడ్డా." గడియ వదిలేసింది. "అదొక్కటే కాదులే. నేనూ ఈ ఇంట్లో ఆయన మాదిరే ఎన్నోసార్లు కళ్ళతో అడుగుతా చూశా, ఎవరన్నా ఒక్కరు అర్థం చేసుకోకపోతారా అని. ఎవరూ కదల్లా. అది గుర్తొచ్చింది. మర్నాడు మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టించింది నేనే. ఇంక చీమలు రావు."

ఆ గిన్నెలు అమరేశ్వరరావు పెట్టించాడనుకుంది దేవమ్మ ఇన్నాళ్ళూ. "అమ్మా, పెద్దాయన్ని..." అని ఆగిపోయింది. ఏం అడగాలి? జాగ్రత్తగా చూసుకో అనా? ఎవరితో అంటోంది? తనని విడిపించినందుకు దణ్ణం పెట్టాలో, ఆ మంచం మీది మనిషిని తలుచుకుని వెనక్కి పరిగెత్తాలో ఆమెకి తెలియలేదు.

"బండెక్కు. రైలు పోద్ది" అంది హైమావతి.

దేవమ్మ ఆటో ఎక్కింది. లోపలి నుంచి అమరేశ్వరరావు కేక వినపడింది. "హైమా! నాన్న ఏందో అంటన్నాడు. వచ్చి చూసి చెప్పు!"

హైమావతి వెనక్కి తిరిగి వెళ్ళింది. పడగ్గది కిటికీ రోడ్డు వైపే ఉంది, తెరిచే ఉంది. జాన్ సాహెబ్ ఆటో స్టార్టు కాక తంటాలు పడుతున్నాడు. దేవమ్మ కిటికీ వైపు వంగి విన్నది.

హైమావతి గొంతు ఆ ఇంట్లో ఎన్నడూ వినపడనంత తేటగా వినిపించింది.

"నిలబడి నిలబడి కాళ్ళు నొప్పి పుట్టుంటయ్యి, కుర్చీ వేసుకుని నా ఎదురుగా కూర్చో అంటన్నారు."

గచ్చు మీద కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. ఆటో స్టార్టయింది.

"పోనియ్యమంటావా చెల్లెమ్మా?" అన్నాడు జాన్ సాహెబ్.

గదిలో ఆ కళ్ళు ఏం చేస్తుంటాయో దేవమ్మకి చూడకుండానే తెలుసు. కిందికి చూసి మూసుకుంటాయి. మళ్ళీ తెరుచుకుని, మళ్ళీ కిందికి చూసి మూసుకుంటాయి. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషికి కూడా అది తెలుసు.

"పోనియ్యి అన్నా" అంది దేవమ్మ.